అప్పీలు లేని ఒప్పుకోలు

జఫర్‌గఢ్‌లో ఏ ఇంట్లో పెళ్లి కుదిరినా, ముహూర్తం కంటే ముందు ఖుర్షీద్ బేగం ఆ రోజు ఖాళీగా ఉందో లేదో కనుక్కునేవారు. ఆమెకు యాభై దాటాయి. భర్త పోయాక ఆయన గరిటె తాను అందుకుని, ఇరవై ఏళ్లుగా చుట్టుపక్కల మండలాల్లో వలీమా విందులకూ పెళ్లిళ్లకూ వండుతోంది. ఐదు వందల మందికి బగారా అన్నం, పప్పూ సొరకాయా కలిపిన దాల్చా అంటే ఆమెకు చెమట కూడా పట్టదు. ఉప్పు నాలుక మీద వేసుకుని చూడదు. మూత తీసి ఒక్కసారి ఆవిరి పీల్చి, "ఇంక పిడికెడు" అంటుంది. ఆ పిడికెడు పడ్డాక ఇక వంక పెట్టేవాడు ఉండడు.

రెండు వేల పదకొండులో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసులకు తాళాలు వేశారు. పెళ్లిళ్లూ వాయిదా పడ్డాయి. గరిటెలు గోడకు వేలాడదీసి ఖుర్షీద్ బేగం ఇంట్లో కూర్చుని ఉన్నప్పుడు అకీల్ వచ్చాడు. అదే వీధిలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే కుర్రాడు, ఆమెను పిన్ని వరస కలిపి ఖాలా అంటాడు. సమ్మె మొదలైనప్పటి నుంచి దుకాణంలో కంటే రోడ్డు మీదే ఎక్కువ కనిపిస్తున్నాడు.

"ఖాలా, జనగామల హైదరాబాద్ రోడ్డు మీద వంటావార్పు పెట్టినం. ఎనిమిది వందల మంది అయితరు. నువ్వు రావాలె."

"వస్తే ఏమిస్తర్రా?"

"తెలంగాణ ఇస్తం."

"అది ఢిల్లీ వాళ్లు ఇచ్చేది గద, నీ దుకాన్ల ఉన్నదా?" అని నవ్వి, గోడకున్న గరిటెలు దించింది.

వంటావార్పు అంటే రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు వేసి తినడం. దారి మూయడానికి అంతకన్నా రుచైన పద్ధతి ఎవరూ కనిపెట్టలేదు. ఆ రోజు పది గంటలకల్లా నాలుగు పొయ్యిలు వెలిగాయి. డప్పులు మోగుతున్నాయి. అన్నం దమ్ము మీదుంది. పక్కన మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద రాగి దేగ్‌లో దాల్చా కుతకుతలాడుతోంది. సొరకాయ ముక్క ఉడికిందో లేదో ఆమె నొక్కి చూస్తుండగా పోలీసు వ్యాన్లు వచ్చాయి.

బందోబస్తుకని బయటి ఠాణాల నుంచి తెచ్చిన పోలీసులు వాళ్లు. "ముందు పొయ్యిలు ఆర్పండి" అని వాళ్ల సీఐ అరిచాడు. ఒక పొయ్యి మీద బిందెడు నీళ్లు గుమ్మరించారు. పొగ లేచి ఎవరికి ఎవరూ కనబడలేదు. జనం తోసుకున్నారు. ఇంత దాల్చా రోడ్డు పాలవుతుందన్న బాధతో ఖుర్షీద్ బేగం తడిగుడ్డ చుట్టి దేగ్ కడియం పట్టుకుంది. "అరే, అవతలి కడియం ఎవరన్న పట్టుండ్రి, దించుదం!" అని కేక వేసింది. ఎవరూ పట్టలేదు. అంతలో దేగ్ ఒరిగింది. మరుగుతున్న దాల్చా ఆమెకు అవతలి వైపు పారి, ఒక కుర్ర కానిస్టేబుల్ రెండు బూట్లలోకీ దిగింది.

వాడు కింద కూలబడ్డాడు. ఖుర్షీద్ బేగం డప్పులూ లాఠీలూ అన్నీ మరిచిపోయి వాడి దగ్గరికి పరుగెత్తింది. బూట్లు లాగేసి, ఉల్లిగడ్డల కత్తితో మేజోళ్లు కోసి, డ్రమ్ములో నీళ్లు చెంబులతో తెచ్చి పోస్తూనే ఉంది. పోస్తూ, "నా చేతుల్నే ఒరిగింది బిడ్డా, నా చేతుల్నే ఒరిగింది" అని అంటూనే ఉంది. కానిస్టేబుల్ పళ్లు బిగబట్టి ఆమెను చూశాడు కానీ ఏమీ అనలేదు. ఆమె అన్న మాట మాత్రం పక్కనే ఉన్న సీఐ విన్నాడు.

పదకొండు మంది మీద కేసు పెట్టారు. రోడ్డు ఆపినందుకు పదిమంది, అందులో అకీల్ ఒకడు. పదకొండో ముద్దాయి ఖుర్షీద్ బేగం. రోడ్డు ఆపడంతో పాటు, అజాగ్రత్తగా పోలీసును గాయపరిచిందన్న సెక్షన్ కూడా ఆమె పేరు ఎదుట పడింది.

పదిమందికీ ఆ కేసు మెడలో దండలా ఉండేది. వాయిదా ఉన్న రోజు తెల్ల చొక్కాలు వేసుకుని, నినాదాలు ఇచ్చుకుంటూ కోర్టుకు వెళ్లేవారు. ఖుర్షీద్ బేగానికి మాత్రం అది కాలిలో ముల్లయింది. సమ్మె అయిపోయి పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. వాయిదా ఎప్పుడూ పెళ్లి రోజే పడేది. ఒకసారి మహబూబాబాద్‌లో పెళ్లి పని పక్కవాళ్లకు అప్పజెప్పి ఆమె జనగామ కోర్టు వరండాలో నిలబడి ఉంటే, అక్కడ బిర్యానీ అడుగంటింది. పెళ్లికూతురి తండ్రి ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు. ఇరవై ఏళ్లలో ఆమె చేతి అన్నం మాడటం అదే మొదలు.

ఉద్యమం కేసులన్నీ ఫీజు తీసుకోకుండా వాదిస్తున్న వకీలు సోమనర్సయ్య ఒకనాడు ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు.

"ఖుర్షీదమ్మా, చట్టంల ఒక పద్ధతి ఉన్నది. నీ అంతట నువ్వు నేరం ఒప్పుకుంట అని దరఖాస్తు పెట్టుకుంటే, సర్కారు వకీలు, పోలీసులు, దెబ్బ తాకినాయన, మనం, అందరం కూసోని ఒక మాట మీదికి వస్తం. జైలు లేకుండనే పోవచ్చు. ఒక్కసారికే కేసు ముగుస్తది."

"అంటే బేరమా?"

"బేరమే. ఇంగ్లీషుల గూడ గట్లనే అంటరు. గని ఒక్క ముచ్చట చెవున ఏసుకో. అట్ల వచ్చిన తీర్పు మీద అప్పీలు ఉండదు. రేపు మనసు మారిందంటే నేనేం చెయ్యలేను."

"నా మనసెందుకు మారుతది వకీల్ సాబ్? కడియం పట్టుకున్నది నా చెయ్యి. కాలింది ఆ పిల్లగాని కాళ్లు. దీనికి సాక్షులెందుకు?"

ఈ సంగతి తెలిసి అకీల్ మండిపడ్డాడు. "నువ్వు తప్పయిందని రాసిస్తే మా పదిమంది గతేంగావాలె ఖాలా?" అన్నాడు. ఆమె ఒప్పుకున్న మాటను వాళ్ల మీద వాడకూడదని చట్టంలోనే ఉందని సోమనర్సయ్య ఎంత చెప్పినా వినలేదు. ఆ మర్నాటి నుంచి ఆమెతో మాట్లాడటం మానేసి, ఆమెకు 'సరెండర్ ఖాలా' అని పేరు పెట్టాడు. పేరు కుదిరింది. ఊళ్లో పిల్లలు కూడా అందుకున్నారు.

కోర్టులో మేజిస్ట్రేటు మేడం అందరినీ బయటికి పంపి, ఖుర్షీద్ బేగాన్ని ఒక్కదాన్నే ఎదురుగా కూర్చోబెట్టింది.

"మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా?"

"లేదమ్మా."

"పోలీసులు భయపెట్టారా? మీ వకీలు ఒత్తిడి చేశారా?"

"వకీల్ సాబ్ మంచి చెడు రెండు చెప్పిండు. నేనే ఇని సరేనన్న."

"ఒప్పుకుంటే తర్వాత దీని మీద పై కోర్టుకు వెళ్లలేరని తెలుసా?"

"తెలుసు. నా చేతుల్నే ఒరిగింది మేడం. దాస్తే నిద్ర పట్టదు."

మేడం ఆమెకు మంచినీళ్లు ఇప్పించి, రాసుకుంది.

తర్వాత అందరూ కలిసి కూర్చున్న రోజున కానిస్టేబుల్ కూడా వచ్చాడు. పేరు జైసింగ్. నెల్లికుదురు దగ్గర తండా వాడు, ఉద్యోగం భూపాలపల్లి వైపు. కాళ్లు మానాయి కానీ చెప్పుల్లోంచి గులాబీ రంగు మచ్చలు కనిపిస్తున్నాయి. పరిహారం సంగతి వస్తే "నాకేం వద్దు సార్" అన్నాడు. చట్టప్రకారం ఏదో ఒకటి రాయాలంటే మందుల ఖర్చు వరకు ఒప్పుకున్నాడు. అంతసేపూ తల ఎత్తలేదు. ఆమె సలాం చెప్పినా వినబడనట్టు సంతకం చేసి వెళ్లిపోయాడు. ఇంకా కోపం పోలేదు పాపం అనుకుంది ఖుర్షీద్ బేగం.

తీర్పు వచ్చింది. నేరం రుజువైనట్టే. అయితే మొదటి తప్పు, వయసు, స్వభావం చూసి, ఏడాది పాటు మంచి నడవడితో ఉంటానన్న పూచీ మీద ఇంటికి పంపేశారు. ఆమె కోర్టు మెట్లు దిగి, తిన్నగా బస్టాండుకు పోయి, వేడి మిర్చీలు తిని, ఇంటికి వచ్చి సాయంత్రం దాకా పడుకుంది. మహబూబాబాద్ పెళ్లివారికి ఫోన్ చేసి, వాళ్ల రెండో పిల్ల పెళ్లికి తప్పకుండా తానే వస్తానని మాట ఇచ్చింది.

ఏడాది గడిచింది. రెండు వేల పదమూడు జూన్‌లో పంచాయతీ ఎన్నికల మాట వినబడింది. వాళ్ల వార్డు ఆడవాళ్లకు వచ్చింది. నిలబడమని వీధిలోని ఆడవాళ్లంతా ఖుర్షీద్ బేగం వెంటపడ్డారు. "శిక్ష పడ్డ మనిషి ఎట్ల నిలబడుతది?" అని ఎదుటి పక్షం వాళ్లు అప్పుడే అనడం మొదలుపెట్టారు. కోడలు తరన్నుమ్‌కు ఇది మహా బాధగా ఉండేది. ఆమె ఇంటర్ చదివింది, కాగితం ముక్క కనబడితే చదవకుండా వదలదు. "వకీల్ సాబ్‌ను అడుగుదాం అమ్మీ" అని రోజూ పోరుతోంది.

అలాంటి ఒక పొద్దున ఇంటి ముందు మోటారు సైకిలు ఆగింది. దిగినవాడు జైసింగ్.

"అమ్మా, మా చెల్లె పెండ్లి. పదిహేను రోజులల్ల ఉన్నది. తండల నువ్వే వండాలె" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"నా వంటనా?" అని ఆమె ఫక్కున నవ్వింది. "ఒకసారి కాళ్లతోని రుచి చూసినవ్ గద బిడ్డా, సాలలేదా?"

వాడు నవ్వలేదు. తరన్నుమ్ చాయ్ తెచ్చి పెట్టింది. చాయ్ చల్లారింది. వంటకు ఎంత బియ్యం, ఎన్ని మేకలు అన్నీ మాట్లాడటం అయిపోయింది. అయినా లేవడు. చివరికి చాయ్ కప్పు వైపు చూస్తూ అన్నాడు.

"అమ్మా, ఆ దేగ్ నువ్వు ఒంపలే. నేను తన్నిన."

"ఏందీ?"

"పొయ్యి ఆర్పుమన్నరు. పొగల ఏం కనిపిస్తలేదు. కట్టెలు తన్నబోతే రాయికి తాకింది. రాయి జరిగి దేగ్ నా దిక్కు ఒరిగింది. నువ్వు అవతల కడియం పట్టుకోని గుంజుతున్నవ్. నువ్వు పట్టుకోకపోతే మొత్తం నా మీదనే పడుతుండె."

ఖుర్షీద్ బేగం చేతిలో ఉన్న చేటను కింద పెట్టింది.

"మరి ఇన్నొద్దులు నోట్లె ఏం పెట్టుకున్నవ్?"

"దవాఖానల వాళ్లే రాసుకొచ్చి సంతకం పెట్టుమన్నరు. పెట్టిన. కొత్త నౌకరీ. నేనే తన్నిన్నంటే నవ్వుతరని, నౌకరీ పోతదని భయమయింది. నువ్వు ఒప్పుకున్నవని తెల్సినంక ఇంక నోరు రాలే. ఆ రోజు నువ్వు సలాం చెప్పినవ్. నేను ఇన్న అమ్మా."

ఆమెకు ఒళ్లంతా మంట పుట్టింది. "రెండేండ్లు! రెండేండ్ల సంది పోలీసోని మీద దాల్చా పోసిన దాన్ని నేను. ఊరంత సరెండర్ ఖాలా అంటున్నరు. నా మనసుల నేను గూడ గట్లనే అనుకున్న గద! నీ కాళ్లు యాదికొచ్చి ఎన్నిసార్లు అన్నం మింగుడుపడలేదో నీకెరుకేనా?" గొంతు పెరిగింది. వీధిలో ఇద్దరు ముగ్గురు తొంగి చూశారు. వాడు తల వంచుకుని అన్నీ పడ్డాడు.

మాటలు అయిపోయాక ఆమె కొంగు బిగించింది. "లే. బండి తియ్యి."

"యాడికమ్మా?"

"జనగామ. వకీల్ సాబ్ తాన నీ నోటితోని చెప్పు. అప్పీలు ఏస్త."

అలా ముద్దాయీ బాధితుడూ ఒకే బండి మీద జనగామకు పోయారు.

సోమనర్సయ్య ఆఫీసు కోర్టు ఎదురుగా, జిరాక్సు దుకాణం మీది గదిలో ఉంటుంది. ఖుర్షీద్ బేగాన్ని చూసి నవ్వబోయిన వకీలు, ఆమె వెనక మెట్లెక్కి వస్తున్న జైసింగ్‌ను చూసి కుర్చీలోంచి లేచాడు.

"అయ్యో, ఈయన్నెందుకు తోల్కొచ్చినవ్? అకీల్ వాళ్ల కేసుల ఈయన పోలీసుల సాక్షి! ఆగస్టుల సాక్ష్యం ఉన్నది. నా ఆఫీసుల కనిపిస్తే సాక్షిని మలుపుకుంటున్నమంటరు. నాయినా, నీకు దండం పెడుత, కిందికి పో. నేను నిన్ను చూడలేదు. నువ్వు నన్ను చూడలేదు."

జైసింగ్ వచ్చినంత వేగంగా దిగిపోయాడు. ఖుర్షీద్ బేగం కూర్చుని జరిగిందంతా చెప్పింది. వకీలు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"అప్పీలు రాయండి వకీల్ సాబ్."

"అప్పీలు లేదమ్మా."

"తన్నినోడే తన్నిన అంటున్నడు గద!"

"ఆయన అన్నా లేదు, ఊరంత అన్నా లేదు. మామూలుగ కేసు నడిచి, సాక్షులొచ్చి, శిక్ష పడ్డదనుకో. పై కోర్టుకు పోవచ్చు, సాక్ష్యం తప్పని వాదించొచ్చు. నువ్వు కేసు నడవనియ్యలే. ఒప్పుకోని బేరం చేసుకున్నవ్. నీకు తిరుగుడు తప్పింది, జైలు తప్పింది. దానికి బదులు అప్పీలు హక్కు ఇడిసిపెట్టినవ్. ఆ తీర్పే ఆఖరు అని చట్టంల రాసున్నది."

"ఇగ ఎక్కడికీ పోరాదా?"

"రెండు జాగలున్నయి. హైకోర్టుల రిట్టు ఒకటి, ఢిల్లీల సుప్రీంకోర్టు ఒకటి. ఆడ గూడ దేగ్ ఎవలు తన్నిండ్రని అడగరు. నిన్ను పద్ధతి ప్రకారం అడిగిండ్రా లేదా, గదే చూస్తరు. చెప్పు, మేడం నిన్ను ఒక్కదాన్నే కూసోబెట్టి అడిగిందా?"

"అడిగింది."

"ఎవరన్న భయపెట్టిండ్రా?"

"లే. మంచినీళ్లు గూడ ఇప్పిచ్చింది."

"మరి మంచినీళ్లు ఇప్పిచ్చిండ్రని రిట్టు ఏద్దామా?"

ఆమెకు కోపంలోనూ నవ్వు వచ్చింది. తర్వాత గుర్తొచ్చి వార్డు ఎన్నికల సంగతి అడిగింది. వకీలు బీరువాలోంచి తీర్పు నకలు తీసి, చివరి పేజీ మీద వేలు పెట్టాడు.

"ఇగో, ఇదుంది నీకు. మంచి నడవడి పూచీ మీద ఇడిసిపెట్టిండ్రు. అట్ల ఇడిసిపెట్టినోళ్లకు శిక్ష వల్ల వచ్చే అనర్హతలేవీ అంటవు. దానికి వేరే చట్టం ఉన్నది. ఎవరన్న అడ్డం చెప్తే నేను కాగితం పట్టుకోని వస్త. దర్జాగ నిలబడు."

ఖుర్షీద్ బేగం కాగితం వైపు చూసింది కానీ ఆమె ముఖం విచ్చుకోలేదు.

"సీటుకు అడ్డం లేదు, బాగనే ఉన్నది. గని నేను చెయ్యని పని నా పేరు మీద ఉన్నది గద వకీల్ సాబ్. అది ఎట్ల పోతది?"

సోమనర్సయ్య నకలు మడిచి మళ్లీ బీరువాలో పెట్టాడు. "అది పోదమ్మా" అన్నాడు. "నేను అబద్ధం చెప్పను. ఇంకొకటి గూడ ఇను. ఆ పిల్లగాడే పోలీసుల పెద్ద సాక్షి. ఆగస్టుల నిజం చెప్తే అకీల్ వాళ్ల మీదున్న కేసు కూలిపోతది. వాళ్లు బయటపడుతరు. నీ తీర్పు మాత్రం ఉన్నకాడ్నే ఉంటది. ఆయనకు నువ్వు గని నేను గని ఒక్క ముక్క నేర్పొద్దు. చెప్పుడు చెప్పకపోవుడు ఆయన ఇష్టం."

తనను ఏడాదిన్నరగా ఎగతాళి చేసినవాళ్లు బయటపడతారు, తాను పడదు. మెట్లు దిగుతూ ఆమె ఈ లెక్క రెండు మూడు సార్లు వేసుకుంది. ఎలా వేసినా అంతే వచ్చింది.

కింద జిరాక్సు దుకాణం ముందు జైసింగ్ ఆత్రంగా నిలబడి ఉన్నాడు.

"ఏమన్నడమ్మా?"

"నిన్ను చూడలేదన్నడు" అంది ఆమె బండెక్కుతూ. జఫర్‌గఢ్‌లో దిగాక, "పెండ్లికి ముందు రోజు పగటీలి బువ్వ యాళ్లకే వస్త. కట్టెలు ఎండినయి తెప్పియ్యి, పచ్చి కట్టెలైతే పొగ" అని చెప్పి లోపలికి పోయింది.

తండాలో పెళ్లి పందిరి పక్కనే పొయ్యిలు పెట్టారు. జైసింగ్ తల్లి మంగ్లీ, మాట గట్టి మనిషి. కూతురు పెళ్లి సంబరంలో ఆమె అటూ ఇటూ తిరుగుతూ, మధ్యమధ్య పొయ్యి దగ్గర కూర్చుని వంటావిడతో కష్టసుఖాలు చెప్పుకోసాగింది. చుట్టూ కూరగాయలు తరిగే ఆడవాళ్లున్నారు. మాటల్లో కొడుకు కాళ్ల ముచ్చట వచ్చింది.

"నా కొడుకు కాళ్లు సూడలేదా అక్కా? జనగామల ఎవతో పాపిష్ఠిది మసులుతున్న పులుసు ఒంపింది. దాని చేతులు ఇరగ! నెల రోజులు మంచం దిగలే. కోర్టుల తప్పయిందని ఒప్పుకున్నదట. ఒప్పుకుంటే కాళ్లు మంచిగైతయా?"

తరుగుతున్న ఆడవాళ్లు అయ్యో అన్నారు. ఖుర్షీద్ బేగం దాల్చాలో గరిటె తిప్పుతూనే ఉంది. చెప్పాలంటే గొంతు దాకా వచ్చింది. పెళ్లి ఇల్లు, తల్లి మనసు అని మింగేసింది. పొయ్యి దగ్గరికి నీళ్లు తెస్తున్న జైసింగ్ ఆ మాటలన్నీ విన్నాడు. బిందె కింద పెట్టాడు.

"యాడీ," అని తల్లిని తమ భాషలో పిలిచాడు. ఇక ఆ తర్వాత అందరికీ అర్థమయ్యేలా తెలుగులోనే చెప్పాడు. "ఈమెనే ఆమె. ఈమె ఒంపలే. నేనే తన్నిన. భయమై ఇన్నొద్దులు చెప్పలే. నా బూట్లు ఇప్పి నీళ్లు పోసింది గూడ ఈమెనే."

తరిగే కత్తులన్నీ ఆగిపోయాయి. మంగ్లీ ఒకసారి కొడుకును, ఒకసారి ఖుర్షీద్ బేగాన్ని చూసింది. తర్వాత లేచి, అంత పెద్ద పోలీసు కొడుకు వీపు మీద అందరి ముందూ రెండు చరిచింది. మూడోది చరవబోతే ఖుర్షీద్ బేగం చెయ్యి పట్టుకుంది.

"పెండ్లయినంక కొట్టు అక్కా. ఇప్పుడు నీళ్లు కావాలె."

ఆడవాళ్లు విరగబడి నవ్వారు. మంగ్లీ మాత్రం నవ్వలేదు. ఖుర్షీద్ బేగం చేతులు రెండూ పట్టుకుని, "ఇరగ అన్న గదా అక్కా, నా నోట్లె మన్ను పడ" అని ఏడ్చింది. ఆ రోజు బంతిలో మొదటి విస్తరి వంటావిడకే వేసి, తినేదాకా ఎదురుగా కూర్చుంది.

జూలైలో నామినేషన్ల పరిశీలన నాడు ఎదుటి పక్షం లేచి అడ్డం చెప్పింది. సోమనర్సయ్య కాగితం చూపించాడు. అధికారి రెండుసార్లు చదివి, పై అధికారికి ఫోన్ చేసి, నామినేషన్ సరైనదే అన్నాడు. ఖుర్షీద్ బేగం ఇంటింటికీ తిరిగి తన కేసు తానే చెప్పింది. ఎవరో చెప్పే దాకా ఎందుకని. పంతొమ్మిది ఓట్లతో గెలిచింది. ఆ నెలాఖరులోనే తెలంగాణ ఇస్తామని ఢిల్లీలో ప్రకటన వచ్చింది. రెండింటికీ కలిపి వీధిలో ఒకేసారి పటాసులు కాల్చారు. అకీల్ ఆమె ఇంటి ముందు కూడా ఒక పెట్టె కాల్చాడు, కానీ లోపలికి రాలేదు.

ఆగస్టులో సాక్ష్యం రోజున ఆమె కోర్టుకు వెళ్లింది. ఆ కేసులో ఇప్పుడు ఆమెకు ఏ పాత్రా లేదు. ముద్దాయి కాదు, సాక్షి కాదు. వెనక బెంచీ మీద తరన్నుమ్‌ను పక్కన పెట్టుకుని కూర్చుంది. బోనులో జైసింగ్ యూనిఫాంలో నిలబడ్డాడు.

సర్కారు వకీలు అడిగాడు. "ఆ రోజు ముద్దాయిల గుంపులోని మహిళ వేడి పాత్రను మీ మీద ఒంపింది. అవునా?"

"కాదు సార్."

సర్కారు వకీలు కాగితాల్లోంచి తల ఎత్తాడు. "మీరు దవాఖానలో ఇచ్చిన వాంగ్మూలంలో అలాగే ఉంది."

"నేను చదువకుంట సంతకం పెట్టిన సార్. పాత్ర నా కాలు తాకే ఒరిగింది. పొయ్యి ఆర్పబోయి రాయిని తన్నిన. ఖుర్షీద్ బేగం ఒంపలేదు. ఆమె పట్టుకోని ఆపింది. నాకు నీళ్లు పోసింది."

"రోడ్డు మీద ఈ పదిమందీ కూర్చోవడం చూశారా?"

"వందల మంది ఉన్నరు సార్. ఎవరెవరో నాకు గుర్తు లేదు."

సర్కారు వకీలు ఈ సాక్షి తమకు అడ్డం తిరిగాడని ప్రకటించి, ఇంకో అరగంట గుచ్చి గుచ్చి అడిగాడు. జైసింగ్ చెమటలు కక్కాడు. ఒక్క మాట వెనక్కి తీసుకోలేదు. ముద్దాయిల వరసలో నిలబడ్డ అకీల్ మెల్లగా వెనక్కి తిరిగి వెనక బెంచీ వైపు చూశాడు. ఖుర్షీద్ బేగం అతన్ని చూడలేదు. బోనులో ఉన్నవాడినే చూస్తోంది.

నెల తర్వాత పదిమంది మీదా కేసు కొట్టేశారు. కోర్టు బయట పూలదండలు, డప్పులు. అకీల్ తన మెడలోని దండ తీసి, గుంపును దాటుకుని ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఖాలా, మాఫ్ చెయ్యి. నిన్ను ఏమేమో అన్న."

"నాకెందుకురా దండ? మీరంత నిర్దోషులు. నేరం చేసిన దాన్ని నేనొక్కదాన్నే. కోర్టుల రాసున్నది" అంది ఆమె. నవ్వుతూనే అంది కానీ, దండకు మెడ వంచలేదు. అకీల్ దండ పట్టుకుని అలాగే నిలబడితే, ఆమే దాన్ని అందుకుని తరన్నుమ్ చేతిలో పెట్టింది. "జఫర్‌గఢ్‌కు బస్సు ఎన్ని గంటలకున్నదో చూడుపోరా అకీల్. మీ పదిమంది మా ఇంటికొచ్చి ఉల్లిగడ్డలు తరగాలె. రేపు ఖిలా దగ్గర వలీమా ఉన్నది. గదే మీకు జుర్మానా."

బస్సెక్కే ముందు మాత్రం సోమనర్సయ్యను పక్కకు పిలిచింది. "ఆ పిల్లగాడు బోన్ల చెప్పింది కాగితం మీద రాసుకున్నరు గద? దాని నకలు ఇప్పిస్తరా?"

"ఏం చేసుకుంటవ్ ఖుర్షీదమ్మా? అప్పీలుకు పనికిరాదని చెప్పిన గద."

"అప్పీలుకు కాదు. ఇంట్ల పెట్టుకుంట."

పది రోజులకు నకలు వచ్చింది. ఇంగ్లీషులో టైపు చేసి, పేజీ పేజీకీ కోర్టు ముద్ర వేసి ఉంది. తరన్నుమ్ గుమ్మంలో కూర్చుని వేలు పెట్టుకుంటూ చదివి, ఒక్కో వాక్యం తెలుగు చేసి చెప్పింది. జైసింగ్‌కు మెమో ఇచ్చి కొన్నాళ్లు పోస్టింగు లేకుండా వీఆర్‌లో పెట్టారనీ, ఉద్యోగం మాత్రం పోలేదనీ ముందు రోజే ఫోన్ వచ్చింది. తల్లి ఇంకా సాధిస్తూనే ఉందట.

"ఖుర్షీద్ బేగం ఒంపలేదు అన్న మాట ఉన్నదా?"

"ఉన్నది అమ్మీ. ఇగో, ఈ వరసల."

"మళ్లా చదువు."

తరన్నుమ్ మళ్లీ చదివింది. ఖుర్షీద్ బేగం ఆ వరస మీద తన వేలు కూడా పెట్టి చూసుకుంది. అక్షరాలు రావు కాబట్టి అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కోడలిని అడిగి తెలుసుకుంది. తర్వాత కాగితం మడిచి బీరువాలో పెట్టి, నీళ్ల కొళాయి సంగతి అడగాలని పంచాయతీ ఆఫీసుకు బయల్దేరింది.